పదమూడు వరసల బోర్డు

కుట్టు గది,
జూన్ మొదటి సోమవారం

మా గడుగ్గాయికి,

మీ వదిన రాస్తోంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తినా "అన్నయ్యకివ్వండి" అంటావు, అంతే. అందుకని ఉత్తరం మొదలుపెట్టాను. పొద్దస్తమానం లోకంలో వాళ్ళందరి ఉత్తరాలూ వేరుచేసి సంచుల్లో పడేసే ఉద్యోగం నీది. నీ పేరు మీద వచ్చినదాన్ని విప్పకుండా ఉండలేవని నాకు తెలుసు.

ముందే చెప్తున్నా, నవ్వకు. నేను గ్రాఫిక్ డిజైన్ క్లాసులో చేరాను. ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద గది, వారానికి మూడు పొద్దుటిపూటలు, రెండేసి గంటలు. కార్డులు, పోస్టర్లు, బోర్డులు కంప్యూటర్లో ఎలా చెయ్యాలో ఓనమాల నుంచి నేర్పుతారు. ఏడుగురం ఉన్నాం. మిగతా ఆరుగురిలో ఏ ఇద్దరి వయసులు కలిపినా నా నలభై ఆరేళ్ళకి అటూ ఇటూగా ఉంటాయి. నేర్పే అమ్మాయికి నేనే పేరు పెట్టాను, ఖాళీ టీచరమ్మ అని. ఏం చేసి చూపించినా "కొంచెం ఖాళీ వదలండి ఆంటీ" అంటుంది మరి.

తల తిరిగిపోతోందే. ఒక బొమ్మ మీద ఇంకో పొర, దాని మీద ఇంకో పొర అంటుంది. లైనింగు గుడ్డలా అనుకుంటే అర్థమైనట్టే ఉంటుంది, నొక్కేసరికి కింది పొర మాయం. మొన్న విజిటింగ్ కార్డు చెయ్యమంది. మూడున్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు. మనకి తెలియని కొలతలా అని మెళ్ళో టేపు తీసి మానిటర్ మీద పెట్టి కొలిచాను. సరిగ్గా మూడున్నర వచ్చింది. ప్రింటు తీస్తే చొక్కా బొత్తాం అంత కార్డు బయటికొచ్చింది! స్క్రీన్ మీద నేను దాన్ని పెద్దది చేసి చూస్తున్నానట. పెద్దది చేస్తే పెద్దదవ్వాలి కదా, అవ్వదట. ఆ బొత్తాం కార్డు ఇందులో పెడుతున్నా, దాచుకో.

ఇంకోటుంది. ఒక వంకర బాణం గుర్తు నొక్కితే చేసిన పని చెయ్యనట్టయిపోతుంది. ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్ళొచ్చట. ఇరవై ఆరేళ్ళుగా కత్తెర పట్టుకున్నదాన్ని, కత్తిరించింది మళ్ళీ అతుక్కోవడం నేనెక్కడా చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కత్తెర తీసి డబ్బాలో పెట్టేశాను.

నేను క్లాసుకి వెళ్ళినప్పుడు మీ అన్నయ్య దగ్గర పై వాటా పెద్దావిడ కూర్చుంటుంది. ఆయన కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. ఎడం చేత్తో గ్లాసు పట్టుకుంటున్నారు. మాట ముద్దగానే ఉంది కానీ నిన్ను తిట్టడానికి సరిపోతోంది.

జవాబు రాయి.

మీ వదిన

*

సార్టింగ్ హాలు, మధ్యాహ్నం విరామం
జూన్ 19

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. బొత్తాం కార్డు కూడా. దాని మీద ఏం రాశారో భూతద్దం పెట్టినా తెలియలేదు.

క్లాసుల్లో చేరడం మీ ఇష్టం. కానీ అన్నయ్యని ఇంకొకళ్ళ చేతిలో పెట్టి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్ళడం నాకు మింగుడు పడడం లేదు. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి రాయడం నాకు రాదు. అందుకని అడిగేస్తున్నాను.

పోయిన డిసెంబరులో అన్నయ్య పక్షవాతం వచ్చి పడిపోయిన రోజు. పక్కింటాయన తన కారులో తీసుకెళ్ళి, సరిగ్గా పదింటికి మిమ్మల్ని ఆసుపత్రి గేటు దగ్గర దించానన్నారు. ఎమర్జెన్సీ గదిలో రాసిన చీటీ మీద పదీ ఇరవై రెండు అని ఉంది. ఇంకో పావుగంట ముందు సూది పడుంటే చెయ్యి దక్కేదేమోనని డాక్టరు నాతోనే అన్నాడు. ఆ ఇరవై రెండు నిమిషాలు మీరెక్కడున్నారు? ఆర్నెల్ల నుంచి మీరే చెప్తారని చూశాను. చెప్పలేదు.

అన్నయ్యకి మందులు వేళకి ఇవ్వండి.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

కుట్టు గది,
జులై 3

గడుగ్గాయ్,

నేను కోడలిగా గుమ్మం దాటి వచ్చిన రోజు నుంచీ నన్ను "వదినా, నువ్వు" అన్నదానివి. ఈ "మీరు" ఏంటే? డిసెంబరు నుంచి లెక్కపెడుతూనే ఉన్నాను.

నువ్వడిగినదానికి జవాబు ఈ ఉత్తరంలో లేదు. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చింపాను. రాసే ధైర్యం వచ్చినప్పుడు రాస్తాను. ఎగ్గొట్టనులే.

ఇప్పుడు నాకో సాయం చెయ్యి. మన ఆసుపత్రిలో బోర్డులన్నీ మళ్ళీ రాయిస్తున్నారట. రంగులు వెలిసిపోయాయని, పాత రాతే కొత్త రంగుతో దించేస్తారట. నేను మేనేజరు గదికెళ్ళి, గేటు దగ్గర బోర్డుకి నేనో డిజైన్ తెస్తాను చూడండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సెప్టెంబరు నెలాఖరుకి తెస్తే చూస్తాం, లేదంటే పాతదే అన్నాడు. అంటే నాకు మూడు నెలలు కూడా లేవు. ఇంకా నాకు మౌసు చెప్పిన మాట వినడం లేదు!

మొదటి డిజైన్ ఇందులో పెట్టాను. అది చూసి ఖాళీ టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోడానికని తర్వాత తెలిసింది. గుడ్డ మీద మనం ముందు పెద్ద ముక్కలు వేసుకుని, మిగిలిన సందుల్లో చేతులు తలకిందులుగా, కాలరు అడ్డంగా పెట్టి, బెత్తెడు కూడా వృథా కాకుండా కత్తిరిస్తాం కదా. నేనూ అలాగే సర్దాను. "కళ్ళ విభాగం" నిలువుగా పట్టింది, "మందుల గది" తలకిందులుగా సరిపోయింది. ఎక్కడా బెత్తెడు జాగా పోలేదు. నా మటుకు నాకు భలే కుదిరిందనిపించింది. "ఆంటీ, దీన్ని చదవాలంటే మనిషి శీర్షాసనం వెయ్యాలి" అంది.

పైగా ఫాంట్లు. అక్షరాల తీరులు వందల్లో ఉన్నాయి. బొత్తాల డబ్బా ఒలకబోసినట్టుంటే ఏం ఏరుకోను? పదకొండు రకాలు వాడాను. ఒకటో రెండో చాలట. మరి మిగతావి ఎందుకు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పరు. తెల్లమొహం వేసుకుని ఇంటికొచ్చాను.

నువ్వు రాతలు చూసి బతికేదానివి. ఎక్కడ తప్పుతోందో చెప్పు.

మీ వదిన

*

సార్టింగ్ హాలు,
జులై 15

వదినగారికి,

మీ టీచరమ్మ నవ్వాపుకుంది, నేను ఆపుకోలేదు. మా సూపర్‌వైజరు వచ్చి ఏమైందని అడిగాడు. కాగితం చూపించాను. ఆయన దాన్ని నాలుగువైపులా తిప్పి, ఇది ముగ్గా అని అడిగాడు.

నా ప్రశ్న పక్కన పెట్టేసినందుకు నాకు కోపం తగ్గలేదు. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నా. నేను నిమిషానికి ముప్ఫై ఐదు ఉత్తరాలు గళ్ళలో వేస్తాను. ఈ హాలులో నన్ను మించినవాళ్ళు లేరు. ఎలాగంటే, చిరునామా మొత్తం చదవను. ముందు ఊరు ఒక్కటే చూస్తాను. ఆ గడిలో పడ్డాక ఇంకొకళ్ళు వీధి చూస్తారు. ఇంటి నంబరు చూసేది ఉత్తరం అందించేవాడు. ఎవరికి కావలసింది వాళ్ళు చూస్తారు. అంతా ఒకేసారి చదవాలంటే సంచీ సాయంత్రానిక్కూడా ఖాళీ అవ్వదు. మీ బోర్డు మీద ఊరూ వీధీ ఇంటి నంబరూ అన్నీ ఒకేసారి అరుస్తున్నాయి.

పాత దానికన్నా మీది నయం అనీ అనలేను. అందులో కనీసం అక్షరాలు నిలబడి ఉండేవి. కాకపోతే ఎమర్జెన్సీని తీసుకెళ్ళి తొమ్మిదో వరసలో, రక్త పరీక్షలకీ ఎక్స్‌రేకీ మధ్య ఇరికించారు. మీరైనా దాన్ని పైకి తెండి.

అయినా ఆసుపత్రి బోర్డు గొడవ మీకెందుకు? చేతిలో ఉన్న కుట్టుపని చాలదా? ఆ బోర్డు గురించి నాకు ఎక్కువ మాట్లాడాలని లేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

వంటింటి బల్ల,
ఆగస్టు 8

గడుగ్గాయ్,

నువ్వు చెప్పిన ఊరూ వీధీ మాట నా బుర్రకెక్కింది. అది చెప్పగానే టీచరమ్మ ఎగిరి గంతేసింది. "మీ ఆడపడుచుని తీసుకురండి, క్లాసు ఆవిడే చెప్తుంది" అంది. ఏది ముందు కనబడాలి, ఏది తర్వాత, ఏది వెతుక్కున్నవాళ్ళకి దొరికితే చాలు. రెండు నెలలుగా ఆ పిల్ల మొత్తుకుంటున్నది ఇదేనట. నేనేమో ఖాళీ అంటే గుడ్డ వృథా అనుకుంటున్నాను. చుట్టూ ఖాళీ ఉంటేనే మధ్యలోది కంటికి ఆనుతుందట. ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు కానీ, చేసి చూస్తే నిజంలాగే ఉంది.

అయితే అయోమయం తీరిందనుకోకు. తెర మీద నిప్పులాంటి ఎరుపు పెడితే కాగితం మీద ఇటుకపొడి వస్తోంది. ఎందుకని అడిగితే వెలుతురుతో చేసే రంగు వేరు, సిరాతో చేసే రంగు వేరు అంటారు. నాకు ఎరుపు ఒకటే తెలుసు.

ఇక నీ ప్రశ్న. ఈసారి చింపను.

పదింటికే దిగాం. గేటు పక్కన చక్రాల కుర్చీ దొరికింది, మీ అన్నయ్యని కూర్చోబెట్టాను. ఎదురుగా బోర్డు. నీలం మీద నల్ల అక్షరాలు, పదమూడు వరసలు, అన్నీ ఒకే సైజు, పక్కన బాణాలు. మొదట్నుంచి చదవడం మొదలుపెట్టాను. పళ్ళు, కళ్ళు, చర్మం, చెవి. మీ అన్నయ్య తల పక్కకి వాలిపోతోంది. ఐదో వరసకి వచ్చేసరికి ఏం చదివానో మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాను. చీటీలిచ్చే కిటికీ దగ్గర అడిగితే "బోర్డు మీద రాసుందిగా" అన్నారు. ఏదో బాణం పట్టుకుని పరిగెత్తాను. కళ్ళ డాక్టర్ల వరండా. వెనక్కి పరిగెత్తాను. రెండోసారి పళ్ళ గది. మళ్ళీ బోర్డు దగ్గరికి. మూడోసారి ఒక ఊడ్చే ఆవిడ నా మొహం చూసి, చీపురు పడేసి, తనే కుర్చీ తోసుకెళ్ళింది.

ఇరవై రెండు నిమిషాలు అక్కడున్నానే. బోర్డు ముందు.

చదువు రానిదాన్ని కాను. బోర్డు చదవలేక కట్టుకున్నవాడి చెయ్యి పోగొట్టానని ఏ నోటితో చెప్పను? చెప్తే నువ్వు మాత్రం నమ్ముతావా? నాకే నమ్మకం లేదు. ఆ రోజు నుంచి ఎక్కడ బోర్డు కనబడినా నిలబడి చదువుతున్నాను, నాకు చదవడం వచ్చా రాదా అని. క్లాసులో అందుకే చేరాను. తప్పు నాదా, దానిదా అని తెలుసుకుందామని. ఇంకా తెలియలేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఎమర్జెన్సీ తొమ్మిదో వరస అని నీకెలా తెలుసు? ఆ బోర్డు అంత వివరంగా నువ్వెప్పుడు చూశావు?

మీ వదిన

ఈ కాగితం మీ అన్నయ్య లాక్కున్నారు. కింద రాసింది ఆయనే, ఎడం చేత్తో. గంట పట్టింది.

పరిగెత్తింది. చెప్పు తెగింది. ఆగలేదు. నేను చూశాను.

*

ఇంటి మెట్ల మీద,
ఆగస్టు 19

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉత్తరాలు గళ్ళలో వెయ్యడమే గాని రాయడం నాకు చేతకాదు. నువ్వే నయం.

అన్నయ్య రాసిన నాలుగు మాటలు చదివి హాల్లోంచి బయటికొచ్చేశాను. సెలవు పెట్టాను.

అన్నయ్య పడిపోయిన మర్నాడు పొద్దున్నే నేను రైలు దిగి తిన్నగా ఆసుపత్రికే వచ్చాను కదా. గేటు దగ్గర అదే బోర్డు. నేను వదినా, నేను, నిమిషానికి ముప్ఫై ఐదు ఉత్తరాలు చూసే మనిషిని. నాకు దొరకలేదు. మొదట్నుంచి చివరిదాకా చదివాను, ఎమర్జెన్సీ అన్న మాట కంటికి ఆనలేదు. ఏదో బాణం వెంట వెళ్ళి పళ్ళ గది ముందు తేలాను. అక్కడ గోడ గడియారం చూశాను. గేటు దాటి పావుగంట పైనే అయింది. వెనక్కొచ్చి వేలు పెట్టి లెక్కపెడుతూ చదివాను. తొమ్మిదో వరస. అందుకే తెలుసు.

తర్వాత లోపలికొస్తే అన్నయ్య అలా పడుకుని ఉన్నాడు. నువ్వు పక్కన నిలబడి ఉన్నావు, కాళ్ళకి చెప్పుల్లేకుండా. చెప్పులేవి అని కూడా అడగలేదు నేను. డాక్టరు పావుగంట మాట అన్నాడు. నా కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి. బోర్డు మీద కోప్పడితే అదేమన్నా ఏడుస్తుందా? నువ్వున్నావు. నీ మీద వేశాను.

నాకు తెలుసు వదినా. నిన్నడిగేటప్పుడు కూడా జవాబు నాకు తెలుసు. తెలిసీ అడిగాను. తొమ్మిదో వరస అని రాసినప్పుడు నాకు తెలియకుండానే చెయ్యి జారింది. తప్పు నీది కాదు. ఈ ముక్క డిసెంబరులోనే చెప్పాల్సింది.

నువ్వు ఏమన్నా పడతాను.

నీ గడుగ్గాయి

*

కుట్టు గది,
సెప్టెంబరు 30

ఏమే,

నీ ఉత్తరం చదవగానే ఏడుస్తాననుకున్నావు కదూ? లేదు. ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలు నా ఇంట్లో నేనే దొంగలా తిరుగుతుంటే, నువ్వు జేబులో జవాబు పెట్టుకుని నన్ను ప్రశ్న అడుగుతావా? పదిరోజులు కాగితం ముట్టుకోలేదు. ఆ పదిరోజులూ కుట్టిన బట్టలన్నీ బిగుతుగా వచ్చాయి, గిరాకీలు వెనక్కి తెచ్చారు.

పదకొండో రోజు పొద్దున తప్పు నాది కాదు అన్న మాట మళ్ళీ చదివాను. అప్పుడు ఏడ్చాను. పై వాటా పెద్దావిడ పరిగెత్తుకొచ్చింది. మీ అన్నయ్య ఎడం చెయ్యి ఊపి ఏం లేదు, ఏడవనివ్వు అన్నట్టు సైగ చేశారు.

డిజైన్ అయింది. మార్చి మార్చి చేశాను. ప్రతిదీ ప్రింటు తీసి వరండా ఆ చివర పట్టుకుని నిలబడేదాన్ని. ఈ చివర కుర్చీలో మీ అన్నయ్య. ఇప్పుడాయనకి గబగబా చదవడం కష్టం కదా, అందుకే ఆయన్నే పరీక్ష పెట్టాను. ఒక్క చూపులో ఏం కనబడిందో చెప్పాలి. పద్నాలుగో కాగితం దాకా తల అడ్డంగా ఊపారు. పదిహేనోది ఎత్తీ ఎత్తకుండానే "ఎ-మ-ర్జె-న్సీ, కు-డి-వై-పు" అన్నారు. డిసెంబరు తర్వాత ఆయన నోట అంత పొడుగు మాట రావడం అదే మొదటిసారి.

నిన్న మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళాను. బోర్డు మొత్తం మీద ఒక్క మాట, ఒక్క బాణం. ఎరుపు మీద తెలుపు, చుట్టూ ఖాళీ. మిగతా పన్నెండూ లోపల వేరే చిన్న బోర్డు మీద. ఆయన మొహం చిట్లించాడు. "ఇంత జాగా ఖాళీగా వదిలేస్తారా? కళ్ళ డాక్టరుగారు నా పేరు లోపలికి తోశారని అలుగుతారు, పళ్ళ డాక్టరుగారు అసలు ఊరుకోరు" అన్నాడు. మూడు నెలల క్రితం నేనన్న మాటలే. నవ్వొచ్చింది. "రండి సార్, గేటు దాకా" అన్నాను. పాత బోర్డు ముందు నిలబెట్టి, మీ ఇంట్లో వాళ్ళకి గుండెనొప్పి అనుకోండి, ఎమర్జెన్సీ ఎటో వెతకండి, అని గడియారం చూశాను. ఆయన తొమ్మిదేళ్ళుగా ఆ గేట్లోంచే రోజూ వెళ్తున్నాడు. పెదాలు కదుపుతూ రెండుసార్లు కింది దాకా వెళ్ళొచ్చాడు. దొరికేసరికి చెమటలు పట్టాయి. కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు.

వచ్చే శుక్రవారం ఎక్కిస్తున్నారు. ఎరుపు ఎలా వస్తుందోనని ఒకటే దడ. ఇటుకపొడి వచ్చిందంటే నా పరువు పోతుంది.

నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఎదురుగా కనబడితే పోతుందేమో చూడాలి.

మీ వదిన

*

ఆసుపత్రి గేటు లోపల, సిమెంటు బల్ల మీద
అక్టోబరు రెండో శనివారం, పొద్దున

వదినా,

దీని మీద స్టాంపు లేదు, చూడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో స్టాంపు లేకుండా ఉత్తరం పంపడం ఇదే మొదలు.

రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాను, ఆ రోజులాగే. గేటు దాటి తలెత్తాను. కనబడింది. అంతే వదినా, ఎవర్నీ అడగలేదు, దేన్నీ లెక్కపెట్టలేదు. నడిచాను, తలుపు దగ్గర ఉన్నాను. గడియారం చూసుకుంటే నిమిషం కూడా కాలేదు. నమ్మకం కలగక వెనక్కి గేటు దాకా వచ్చి మళ్ళీ నడిచాను.

ఎరుపు ఎరుపుగానే వచ్చింది. దిగులు పెట్టుకోకు.

తర్వాత ఈ బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి ఒకావిడ కారు దిగింది. మొగుడు కాబోలు, ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి, ఊపిరాడక, ఎటు చూడాలో తెలియని మొహంతో వచ్చింది. తలెత్తి ఒక్కసారి చూసింది. కుర్చీ కుడివైపు తిప్పింది. అసలు ఆగలేదు వదినా! ఆ బోర్డు ఎవరు చేశారో ఆవిడకి తెలియదు. బోర్డు చదివానన్న సంగతి కూడా ఆవిడకి గుర్తుండదు. ఆవిడ కాళ్ళకి చెప్పులు రెండూ ఉన్నాయి.

నేను ఇక్కడ కూర్చుని ఏడుస్తున్నాను. ఊడ్చే ఆవిడ వచ్చి ఎవరికి బాగాలేదమ్మా అని అడిగింది. ఎవరికీ ఏం కాలేదు, ఈ బోర్డు మా వదిన చేసింది అన్నాను. నన్ను అదోలా చూసి వెళ్ళిపోయింది. చీపురు పడేసి కుర్చీ తోసింది ఈవిడేనేమో, అడగాల్సింది.

ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను. ఇప్పుడు లేచి మన ఇంటికి వస్తాను. తలుపు కొట్టేది నేనే, ఈ కాగితం తలుపు సందులోంచి తోసేదీ నేనే. నీ కాళ్ళ కొలత నాకు గుర్తే, చెప్పులు ఒక జత తెచ్చాను. ముందు తలుపు తియ్యి. ఆ మిగతా సగం కోపం తీశాక చూసుకుందాం.

నీ గడుగ్గాయి